కుప్ప యెవ్వరిది?

చరిత్ర వ్రాయువారు రాజుల కోటలను వర్ణింతురు; దేవాలయముల శాసనములను చదువుదురు; యుద్ధముల తేదీలను లెక్కింతురు. ఊరి చివరనున్న కుప్పను జూచి మాత్రము ముక్కు మూసికొని పోవుదురు. కాని త్రవ్వకములు చేయు పురాతత్త్వజ్ఞుని అడిగి చూడుడు. ప్రాచీనుల నిత్యజీవనము ఆతనికి ఎక్కువగా దొరకునది కుప్పలోనే. పగిలిన కుండపెంకు, కాలిన గింజ, విరిగిన గాజు, ఎముక ముక్క - ఇవియే ఆతనికి గ్రంథములు. పాలమూరు జిల్లా బిడ్డయైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో “ఆంధ్రుల సాంఘిక చరిత్ర”ను ప్రకటించి, ప్రజల తిండియు, బట్టయు, ఆటపాటలును చరిత్రకు దగిన విషయములే యని మనకు నేర్పిరి. ఆ త్రోవలోనే మరియొక యడుగు వైచి, ప్రజలు పారవైచిన దానిని గూర్చి విచారించుట యనుచితము గాదు.

నేటి యర్థశాస్త్రజ్ఞులు రెండు విధానములను వేరుపరచి చెప్పుచున్నారు. భూమినుండి ద్రవ్యమును దీసి, సరకుగా జేసి, ఒకమారు వాడి పారవేయుట మొదటిది. ఇది సరళరేఖ వంటిది. దీని తుది చెత్తకుప్ప. వాడిన దానిని బాగుచేసి మరల వాడుట, అదియు గానినాడు కరగించియో కుళ్లించియో క్రొత్త వస్తువునకు మూలద్రవ్యముగా జేయుట రెండవది. ఇది చక్రము వంటిది. మొదటిదానిని పారవేత విధానమనియు, రెండవదానిని వర్తుల విధానమనియు నందము. రాజ్యము తన శాసనములచేత ప్రజలను మొదటిదానినుండి రెండవదానికి మరల్పగలదా యనునది నేడు దేశదేశములందు చర్చింపబడుచున్న ప్రశ్న. మన పల్లెలు పూర్వము చక్రములోనే యుండెను గనుక వెనుకకు బోయిన జాలునని కొంద రందురు. ఆ మాట సగమే నిజము. తక్కిన సగమును మక్తలు ప్రాంతపు చరిత్రమునుండి చూపుటకే యీ వ్యాసము.

మక్తలు హైదరాబాదునుండి రాయచూరునకు బోవు దారిలో నున్నది. 2019 వరకు మహబూబునగరు జిల్లాలోనుండి, ఆ యేటి ఫిబ్రవరి నెలలో నారాయణపేట జిల్లాలో చేరినది. దీనికి దక్షిణమున కృష్ణానది ప్రవహించుచున్నది. ఆ నదిలో భీమ కలియు తంగడి యీ ప్రాంతములోనిదే. నది దగ్గరనున్నను మిట్టభూములకు నీ రెక్కదు. ఎర్రని చెలక నేలలు వాన కురిసిన కొలది దినములకే యెండిపోవును. అట్టి నేలలో పంట పండవలెనన్న, నేలనుండి తీసికొన్న దానిని మరల నేలకే యీయక తప్పదు. కావున ఇక్కడి రైతు చక్రమును ధర్మగ్రంథములు చదివి నేర్చుకొనలేదు. నేలయే యాతనికి నేర్పినది.

ప్రతి యింటికిని ఒక పెంటగుంత యుండెను. పేడ, బూడిద, ఆకులలము, పశువులు తినగా మిగిలిన చొప్ప, ఊడ్చిన దుమ్ము అన్నియు నందులో పడి, వేసవి చివర బండి కెక్కి చేనికి బోయెడివి. పంట కోసిన చేలలో గొల్లలును కురుమలును గొర్రెలమందలను నిలుపగా, రైతు వారికి ధాన్యము కొలిచెడివాడు. చెరువు లెండిన దినములలో అడుగున పేరుకొన్న ఒండ్రుమట్టిని త్రవ్వి చెలకలలో జల్లెడివారు. దానివలన చెరువు లోతయ్యెను, చేను తేమను నిలుపుకొనెను. చినిగిన చీరలు బొంతలయ్యెను. గొంగడి తరములవారికి కప్పుగా నుండెను. సొట్టపడిన రాగిబిందె కంచరి యొద్దకును, అరిగిన కొడవలి కమ్మరి యొద్దకును బోయి తిరిగి వచ్చెడివి. చేరువనున్న నారాయణపేట సాలెలు నేసిన పట్టుచీర జీర్ణించినను, జరీలోని వెండికి వెల యుండెను. పెండ్లి భోజనము మోదుగ విస్తళ్లలో జరిగి, ఆ విస్తళ్లు మరునాటికి పశువులకో పెంటగుంతకో చేరెడివి.

ఈ జ్ఞానము పల్లెలకే పరిమితమైనది గాదు. కౌటిల్యుని యర్థశాస్త్రము నగరపాలకుని ధర్మములను జెప్పుచు, వీథిలో చెత్త పోసిన వానికి పణములో నెనిమిదవ వంతును, బురదనీటితో దారి నడ్డగించిన వానికి నాలుగవ వంతును దండము విధించుచున్నది. రాజమార్గమున నైనచో దండము రెట్టింపు. సురపాలుని వృక్షాయుర్వేదము ఎముకలు, మాంసము మొదలైన త్యాజ్యములను పులియబెట్టి చెట్లకు పోయు కుణపజలమును వర్ణించుచున్నది. దండించి చెత్తను ఆపుట యొకరి మార్గము. చెత్తను ఎరువుగా మార్చుట రెండవవారి మార్గము. నేటి ప్రభుత్వములు చేయుచున్న శాసనము లన్నియు ఈ రెండింటి కలయికయే.

ఇంతవరకు చెప్పినది చక్రము యొక్క మేలిమి. ఇక దాని కళంకమును జూడవలెను. ఆ చక్రమును త్రిప్పినచేయి యెవ్వరిది?

చచ్చిన పశువును మోసికొనిపోయినవాడు మాదిగ. తంగేటిచెక్కతో తోలును పదునుపెట్టి, చెప్పులు, వార్లు, మోటతొండములు, డప్పులు చేసినవాడు నాతడే. నూతినుండి నీటిని పైకి దెచ్చిన తొండము ఆతడు కుట్టినది. ఆ నూతిలో నీరు ద్రావుట కాతనికి హక్కులేదు. ఊరి మలినమును శుభ్రపరచినవారిని ఊరి వెలుపల నిలిపితిమి. దొర యింటి పనికి కూలి లేని వెట్టి నియమింపబడెను. వస్తువు వృథా పోలేదు గాని మనుష్యుడు వృథాపోయెను. 1906లో హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు జగన్మిత్రమండలిని స్థాపించి యీ యన్యాయమును ప్రశ్నించిరి. 1930లో జోగిపేటలో సురవరమువారి యధ్యక్షతను ప్రారంభమైన నిజామరాష్ట్రాంధ్ర మహాసభ వెట్టిని మాన్పుట తన పనులలో నొకటిగా జేసికొనెను. పూర్వపు చక్రమును పొగడువారు ఈ రెండు సంవత్సరములను మరువరాదు.

ఇంటిలోపల నింకొక చేయి గలదు. బూడిదతో గిన్నెలు తోమినదియు, పేడ నెత్తినదియు, బొంత కుట్టినదియు స్త్రీ. 1955 ఆగష్టులో అమెరికాలోని “లైఫ్” పత్రిక, వాడి పారవేయు పళ్లెరములను గిన్నెలను గాలిలోని కెగురవేయుచున్న యొక కుటుంబపు చిత్రమును ప్రకటించి, వానిని కడుగవలసివచ్చినచో 40 గంటలు పట్టునని వ్రాసెను. ఆ మాటను నేడు పరిహసించుట సులభము. కాని ఆ 40 గంటలును ఎవ్వరివో విచారించిన, పారవేత విధానమున కంత సులభముగా స్వాగతము లభించుటకు గల కారణము తెలియును. దాస్యమునుండి విముక్తి యను ముసుగు వేసికొని అది మన యిండ్లలోనికి వచ్చినది. ఆ ముసుగు పూర్తిగా అబద్ధము గాకపోవుటయే దాని బలము.

మన ప్రాంతమున చక్రము తెగిన విధమును గమనింపుడు. రసాయనపు టెరువులు వచ్చుటతో పెంటగుంత చిన్నదయ్యెను. కరెంటు మోటరులును బోరుబావులును వచ్చుటతో చెరువుపై శ్రద్ధ తగ్గి, ఒండ్రుమట్టి చెరువులోనే నిలిచిపోయెను. ట్రాక్టరు రాగా పశువులు తగ్గెను. పశువులు తగ్గగా పేడ తగ్గెను. పని లేని పాలమూరు కూలీలు గంపా పారా పట్టుకొని దేశము నలుమూలల ఆనకట్టలకు మట్టిమోయ వలసపోయిరి; తమ యూరి చెరువు మాత్రము పూడిపోయెను. తరువాత పాలిథీను సంచియు, షాంపూ పొట్లమును, ప్లాస్టికు గ్లాసును వచ్చినవి. పెంటగుంతలో నేమి పడినను మన్నగు ననునది మన పెద్దల యనుభవము. ఈ క్రొత్తవస్తువు మన్ను గాదు. గుంత యదే, అలవాటదే. అందులో పడు వస్తువు మాత్రము మారిపోయెను. మనము జనుల మురికితనమని నిందించుచున్నది చాలవరకీ మార్పు యొక్క ఫలమే.

అప్పుడు రాజ్యము కల్పించుకొనవలసి వచ్చెను. ఇందులో పాశ్చాత్యులకు గలిగిన యనుభవము మనకు పాఠము. పారిసు నగరమున పూబెల్ అను నధికారి 1883 నవంబరులో నొక శాసనము చేసెను. ప్రతి యింటి యజమానియు మూతగల డబ్బాల నుంచవలెను. కుళ్లునది, గుడ్డ కాగితములు, గాజు పెంకులు వేర్వేరుగా వేయవలెను. తడిచెత్త పొడిచెత్తయని మనము నేడు క్రొత్తగా నేర్చుకొనుచున్న పాఠము నాటికే యున్నది. కాని వీథులలో గుడ్డపీలికల నేరుకొని బ్రతుకు వేలకొలది పేదలు, డబ్బా తమ కూటిని మూసివేయునని మొరపెట్టిరి. నేటికిని ఫ్రెంచివారు చెత్తడబ్బాను పూబెల్ అనియే పిలుతురు. పీలిక లేరిన వారి పేరు ఏ వస్తువునకును నిలువలేదు.

మన దేశమున 1996లో అల్మిత్రా పటేల్ గారు సుప్రీముకోర్టులో వ్యాజ్యము వేయగా, దాని ఫలముగా 2000 సంవత్సరమున పురపాలక ఘనవ్యర్థముల నియమములు వెలువడినవి. నియమములు దేశమంతటికి నొక్కటియే యైనను, వానిని మనసుపెట్టి యాచరించిన పట్టణములు కొన్నియే. వానిలో నొకటి అప్పటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేట. రమారమి లక్ష జనసంఖ్య గల యా పట్టణము 2003 ప్రాంతములలో వీథులలోని చెత్తతొట్లను తొలగించి, ఇంటింటికి బండి పంపి, తడిచెత్తను వానపాముల యెరువుగాను, పొడిచెత్తను వేరుచేసి అమ్మకపు సరకుగాను మార్చెను. పరదేశపు టప్పు లేకయే, ఉన్న వనరులతోనే యీ పని సాగెను. ఇతర పట్టణములవారు వచ్చి చూచిపోయిరి. చదువురాని వారున్న యూళ్లలో నియమములు సాగవను వాదము సూర్యాపేటలో నిలువలేదు. అట్టి పని యొక యధికారి యుత్సాహముపై గాక, అధికారి మారినను మారని యేర్పాటుపై నిలువవలెననుట యందరు నంగీకరించునదే.

తెలంగాణలో 2018 పంచాయతిరాజు చట్టము తరువాత, 2019లో పల్లెప్రగతి యను కార్యక్రమము ప్రారంభమై, 12,769 గ్రామపంచాయతులకు చెత్త తీయుటకు ట్రాక్టరు నిచ్చుట, చెత్తను వేరుపరచు షెడ్డును గట్టుట జరిగెను. మక్తలు పురపాలకపట్టణమయ్యెను. ఇది గొప్ప మార్పు. అయినను ఒక్క ప్రశ్న వేసికొనవలెను. ట్రాక్టరు చెత్తను మన వాకిటినుండి ఊరి బయటకు మోసిన, రేఖ పొడవైనదే గాని చక్రమైనదా? తడియు పొడియు కలిసి ట్రాక్టరెక్కినచో, దిగునది కుప్పయే. ఆ కుప్పకు నిప్పంటుకొన్న దినమున దాని పొగ మన యింటికే తిరిగి వచ్చును. అదియొక్కటియే వర్తులము.

ఇందుకు భిన్నముగా, మన కండ్లయెదుట నొక చక్రము తిరిగి పూర్తియైన సంగతి గలదు. 2015 మార్చి 12వ తేదీన సదాశివనగరములో నారంభింపబడిన మిషను కాకతీయ, రాష్ట్రములోని 46 వేలకు పైగా చెరువులను కుంటలను క్రమముగా బాగుచేయ సంకల్పించెను. పూడికను త్రవ్వు వ్యయము ప్రభుత్వముది; త్రవ్విన మట్టిని తన చేనికి దరలించుకొను వ్యయము రైతుది. ఈ విభజనము సామాన్యముగా గనబడును గాని, నీతిశాస్త్రమంతయు నందులోనే యున్నది. మట్టి పారవేయదగిన వ్యర్థమని భావించిన, దానిని మోయు వ్యయమును ప్రభుత్వమే పెట్టి యెచ్చటనో కుప్పపోయవలసియుండెను. దానియం దెరువున్నదని రైతునకు దెలియుటచేత నాతడే బండి కట్టెను. మంచి శాసనము వస్తువును మార్చదు. దాని గమ్యమును మార్చును. ఒక్కలోపము మాత్రము చెప్పక తప్పదు. ఆ త్రవ్వకము చాలవరకు యంత్రములే చేసినవి. మట్టిపనిలో దేశమంతట పేరుగన్న జిల్లాలో, కూలి లభించినది యినుపచేతికి. 2006లో ఉపాధి హామీ పథక మారంభమైనపుడు మహబూబునగరు మొదటి జిల్లాలలోనే చేరెను. చెరువుల పూడికతీత యా పనులలో నొకటి. అప్పుడు చెరువుతోపాటు పొట్టకూడ నిండెను.

శాసనము చేయువారు మరువరాని మరియొక సూత్రము మన వ్యవసాయచరిత్రలోనే గలదు. ఇంగ్లండునుండి వచ్చి మన సేద్యమును పరిశీలించిన వోల్కరు 1893లో ప్రకటించిన నివేదికలో, భారతీయ రైతు పేడను పిడకలుగా కాల్చుట యజ్ఞానమువలన గాదనియు, కట్టెలు లేకపోవుటవలననే యనియు చెప్పెను. కట్టెల నిచ్చిన పేడ తనంత తానే చేనికి బోవునని యాతని తాత్పర్యము. ఇందూరులో సర్ ఆల్బర్టు హోవర్డుగారు, యశ్వంతవాడ్ గారితో గలసి, ఆకులు, పేడ, మూత్రముతో తడిసిన మట్టి మొదలైనవానితో కంపోస్టు చేయు పద్ధతిని 1931లో గ్రంథస్థము చేసిరి. ఆసియాఖండపు రైతుల యాచారములనుండియే హోవర్డుగారు చాల నేర్చుకొనిరి.

వోల్కరు సూత్రమును నేటి ప్లాస్టికునకు అన్వయించి చూడుడు. 2011లో 40 మైక్రాన్లకంటె పలుచని సంచులు నిషేధింపబడెను, 2016లో నది 50 అయ్యెను, 2021లో 75, 2022 డిసెంబరు 31నుండి 120. ఆ 2022 జూలై 1నుండి ప్లాస్టికు పళ్లెములు, గ్లాసులు, గొట్టములు మొదలైన కొన్ని వస్తువులు పూర్తిగ నిషేధింపబడెను. సంఖ్యలు పెరిగినవి, సంత మారలేదు. మక్తలు సంతలో కూరలమ్మునామె సంచి యీయకున్న బేరము ప్రక్క గంపకు బోవును. ఆమెకు జరిమానా వేయుట సులభము. సంచిని తయారుచేసిన కర్మాగారము దూరముననున్నది. మోదుగ విస్తరి కుట్టునామెకు యంత్రమును, అప్పును, అంగడిలో చోటును ఈయక ప్లాస్టికు పళ్లెమును నిషేధించుట, కట్టె నీయక పిడకను నిషేధించుట వంటిదే.

కావున బాధ్యత పైకి ప్రాకవలెను. 1990లో స్వీడనులో లిండ్ క్విస్టు అను పండితుడు, వస్తువును చేసినవాడు దాని యంత్యక్రియలకును బాధ్యుడను సూత్రమునకు పేరుపెట్టెను. 1991లో జర్మనీ పొట్లముల విషయమున దానిని శాసనము చేసెను. మనదేశమున 2011 ప్లాస్టికు నియమములలో నది ప్రవేశించి, 2022 ఫిబ్రవరిలో వెలువడిన మార్గసూచికలతో కంపెనీలకు లెక్కలు నిర్ణయింపబడెను. పలుపొరల షాంపూ పొట్లమును కరగించి మరల పొట్లము చేయుట దుస్సాధ్యము గనుక, అది సిమెంటు బట్టీలో నింధనముగా కాలును. కాల్చుటకు లెక్కయున్నదిగాని, అది చక్రము గాదు. లెక్కకంటె నాణెము బలవత్తరము. మన గోలీసోడా బండివాడు సీసా తిరిగి యిచ్చువరకు కదలనిచ్చెడివాడు గాడు. 1971లో అమెరికాలోని ఆరిగాను రాష్ట్రము సీసాపై ధరావతు విధించి యదే నీతిని చట్టము చేసెను. 2022లో మద్రాసు హైకోర్టు ఆదేశముమీద నీలగిరి జిల్లాలోని మద్యపుటంగళ్లు సీసాకు 10 రూపాయలు ధరావతు పట్టగా, అడవిలో పగిలి యేనుగుల కాళ్లలో గ్రుచ్చుకొనెడి సీసాలు చాలవరకు తిరిగి యంగడికే వచ్చినవి. ఉపదేశములు చేయజాలని పనిని పది రూపాయలు చేసినవి.

ఇక మొదటి ప్రశ్నకే వత్తము. చక్రమును త్రిప్పు చేయి. 1993లో మానవులచేత మలము నెత్తించుట చట్టవిరుద్ధమైనది. కోలారు బంగారుగనులలోని తెలుగు కుటుంబమున బుట్టిన బెజవాడ విల్సను గారు, ఎస్. ఆర్. శంకరన్ గారి వంటివారి తోడ్పాటుతో 1995 ప్రాంతమున సఫాయి కర్మచారి ఆందోళనమును నిలిపి, ఆ చట్టము కాగితముపైననే యున్నదని లోకమునకు జూపిరి. 2013లో మరియొక చట్టము వచ్చెను. 2016 ఘనవ్యర్థముల నియమములు చెత్త నేరుకొను పేదలను గుర్తించి, పనిలో జేర్చుకొనవలెనని స్పష్టముగా వ్రాసినవి. పారిసువారు 1883లో మరచిన దానిని మన నియమము స్మరించినది, సంతోషమే. కాని నియమములోని గుర్తింపు ఆమె చేతికి తొడుగుగా, నెలజీతముగా, వైద్యముగా, బిడ్డకు బడిగా మారిన నాడే ఆ యక్షరములు సార్థకములు. పూర్వపు చక్రము కులముచేత తిరిగెను. రాబోవు చక్రము కూలిచేతను గౌరవముచేతను తిరుగవలెను. అట్లు గానినాడు వర్తుల విధానమను క్రొత్తపేరుతో పాతయన్యాయమునే మరల వాడుకొన్నవార మగుదుము.

మక్తలువంటి చిన్నపట్టణము దీని కనుకూలమైనది. చెత్త మహానగరములో వలె కొండయంత లేదు; చుట్టు నెరువు గోరు చెలక లున్నవి; దారి పొడవున పాతసామానుల వర్తకులున్నారు. పురపాలకసంఘము తడిచెత్త యెరువును తూచి రైతునకు జేర్చవలెను. విస్తళ్లు కుట్టు స్త్రీలసంఘములకు పెండ్లిమంటపములలో మొదటి హక్కు నీయవలెను. పొడిచెత్త యమ్మకపు లాభములో దాని నేరినవారికి భాగము పెట్టవలెను. గృహస్థులు చేయవలసినది రెండుబుట్టలు పెట్టుటతో దీరదు. తడిపొడులు వేరుచేయు పని యింటనున్న స్త్రీ పైననే పడకుండ పురుషులును పాలుపంచుకొనవలెను. వాకిట చెత్త తీసికొనుటకు వచ్చిన యామెకు, బుట్టను దూరమునుండి విసరక చేతి కందించి, ఎండవేళ మంచినీ రడుగకమున్నే యీయవలెను. ఆ నీరిచ్చు పాత్ర ఇంటివారు త్రాగు పాత్రయే కావలెను.